బల్ల మీద పేరు

డబ్బాల రేవులో రాత్రి లంగరు వేసినవాడు మా దీవిలో లేడు. వేశామని చెప్పుకున్నవాళ్ళు ఇద్దరున్నారు గానీ, ఎన్ని గ్లాసులయ్యాక చెప్పారో విన్నవాళ్ళకి తెలుసు.

రేవంటే అక్కడ పెద్దగా ఏమీ లేదు. జలసంధికి అవతల, ఇళ్ళూ దారీ లేని అడవి ఒడ్డున, ఎప్పుడో మూతపడ్డ చేపల డబ్బాల ఫ్యాక్టరీ. కప్పు సగం కూలిపోయింది. నీళ్ళలో దిగేసిన గుంజల మీద వలలు దాచే అటక ఒక్కటే నిలబడి ఉంది. చీకటి పడ్డాక ఆ అటకలోంచి తలుపు తట్టిన చప్పుడు వస్తుందనేవారు. మూడుసార్లు... ఆగి... మళ్ళీ మూడుసార్లు.

తట్టేవాడి పేరు ఎవరూ పైకి అనేవారు కాదు. తెలియక కాదు. అందరూ ఎరిగినవాడే — సులో.

1971, ఆగస్టు నెలాఖరు. సులో భార్య హెల్మి వంటింట్లో వేటకి ఏర్పాట్లు జరుగుతున్నాయి. టేబుల్ నిండా ఆటుపోట్ల పుస్తకం, సముద్రం మ్యాపు, కాఫీ కప్పులు, ఏలకుల రొట్టె. కూతురు ఇర్యా పట్నం నుంచి రెండు వారాల సెలవు మీద వచ్చింది. హెల్మి అన్న తౌనో ఒక మూల కూర్చుని ఎర చేపలకి ఉప్పు పట్టిస్తున్నాడు.

"నాలుగున్నరకి బయల్దేరతాం," అంది ఇర్యా పెన్సిల్ నములుతూ. "ఆరింటికి నీరు నిలుస్తుంది. ఆ వేళకి గాలాలు దిగిపోవాలి. ఐసు రెండు పెట్టెలు చాలు. ఇక ఎక్కడంటే..."

వేలు మ్యాపు మీద పెట్టింది. డబ్బాల రేవు పక్కనున్న మొన మీద.

"అక్కడ నాచు ఎక్కువే," అన్నాడు తౌనో తలెత్తకుండానే. "పంకాకి చుట్టుకుంటుంది."

"నిరుడూ నాచే అన్నావు మావయ్యా. అంతకుముందు సీల్ జంతువులన్నావు. ఆ ముందేడు రాళ్ళన్నావు. నీ మాటలు వింటే ఆ మొనకి సాల్మన్ చేపలు ఎలా వస్తున్నాయో నాకర్థం కాదు. పాపం, వాటికి నువ్వు చెప్పలేదేమో."

హెల్మి పొయ్యి దగ్గర్నుంచి నవ్వింది. "దాంతో వాదనకి దిగకన్నయ్యా. అచ్చం వాళ్ళ నాన్నే. పట్టిన పట్టు విడవదు."

"నాన్న చివరిసారి గాలం వేసిన చోట నేనూ ఒక్కసారి వేస్తాను," అంది ఇర్యా. ఈసారి నవ్వలేదు. "దెయ్యముందో లేదో కూడా చూసొస్తాను. బల్ల మీద పేరు నేనే రాస్తాను మావయ్యా, నువ్వు రాయొద్దు. ఇంతింత అక్షరాలతో రాస్తాను. మన ఇంటివాళ్ళని ఇంకోసారి ఎవరూ ఏమీ అనకూడదు."

హెల్మి పొయ్యి వైపు తిరిగిపోయింది. ఉప్పు పట్టిస్తున్న తౌనో చేతులు ఆగిపోయాయి.

బల్ల సంగతి చెప్పాలి. మా రేవు మెట్లెక్కగానే కొట్టు చూరు కింద ఒక నల్లబల్ల, దానికి తాడుతో వేలాడే సుద్దముక్క ఉంటాయి. వేటకి వెళ్ళేవాడు తన పడవ పేరు, వెళ్ళే చోటు, ఏ పోటుకి తిరిగొస్తాడో రాసి వెళ్ళాలి. తిరిగొచ్చాక తన చేత్తో తానే తుడవాలి. పక్కవాడి పేరు ముట్టుకోకూడదు — తండ్రిదైనా, కొడుకుదైనా. చెప్పిన పోటు దాటి ఇంకో పోటు కూడా దాటాక పేరు అలాగే ఉంటే, రేవులో ఉన్న పడవలన్నీ వెతకడానికి బయల్దేరతాయి. పేరు తుడిచినవాడు నేరుగా ఇంటి వెనక సౌనాలోకి, అంటే ఆవిరిస్నానాల గదిలోకి, వెళ్తాడు. వేడి రాళ్ళ మీద గరిటెడు నీళ్ళు పోసి, అవి సుయ్యిమన్నాకే ఇల్లు చేరినట్టు లెక్క.

పందొమ్మిదేళ్ళ కిందట సులో పేరు ఆ బల్ల మీద లేదు. అందుకే ఎవరూ వెతకలేదు. ఆరో రోజుకి అతని పడవ డబ్బాల రేవు రాళ్ళ మీద బోర్లాపడి దొరికింది. దానికి పది గజాల అవతల సులో శవం దొరికింది. వేట నుంచి తిరిగొచ్చి, పేరు తుడిచేసి, మళ్ళీ రాయకుండా పోయాడని ఊరు తేల్చింది. బయల్దేరిన రాత్రే మునిగిపోయి ఉంటాడని కూడా తేల్చింది. అప్పట్నుంచి, పేరు రాయకుండా పడవ విప్పే కుర్రాళ్ళని "సులో లాగా పోతావట్రా?" అని తిట్టడం మా ఊరికి అలవాటైంది. ఇర్యా బడిలో ఆ మాట వింటూ పెరిగింది. హెల్మి అయితే కొట్టుకి వెళ్ళినప్పుడల్లా ఆ బల్లకి వీపు పెట్టి నిలబడేది.

నిజం తౌనో ఒక్కడికే తెలుసు.

సులో పోయిన ఆ సోమవారం సాయంత్రం రెండు పడవలూ కలిసే వెనక్కి వస్తున్నాయి. తౌనో పడవ పేరు లొక్కి. సులో తన పడవకి భార్య పేరే పెట్టుకున్నాడు — హెల్మి అని. దానికి ఊరంతా అతన్ని ఏడిపించేది. రేవు కనబడుతుండగా సులో ఇంజను తగ్గించి కేకేశాడు.

"బావా, పీతల బుట్ట డబ్బాల రేవులో మర్చిపోయాను. శనివారం మీ చెల్లెలు వచ్చేసరికి పీతలు లేకపోతే నన్నే ఉడకేస్తుంది."

"రేపు తెచ్చుకోవయ్యా."

"రెండు గంటల పని బావా."

చెయ్యి ఊపి పడవ తిప్పేశాడు.

తౌనో పడవ కట్టి మెట్లెక్కాడు. బల్ల మీద రెండు పేర్లూ ఎప్పటిలాగే ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. చొక్కా చేతితో ఒక్క తుడుపు తుడిచాడు. ఇన్నేళ్ళూ కలిసి వెళ్ళి కలిసి వచ్చిన అలవాటు... పై పేరుతోపాటు కింది పేరూ పోయింది. తుడిచాక గానీ చూసుకోలేదు. చెరిగిన పేరు మళ్ళీ రాద్దామా అనిపించింది. రెండు గంటల్లో వస్తాడుగా అనుకున్నాడు. సౌనాకి పోయాడు.

మర్నాడు తెల్లవారకముందే స్టీమరెక్కాడు. తొమ్మిదేళ్ళ ఇర్యాకి పట్నం ఆసుపత్రిలో అపెండిక్స్ తీశారు. తల్లీకూతుళ్ళని తీసుకురావాలి. సులో పడవ కట్టేచోట కనబడలేదు. పొద్దున్నే వేటకి పోయాడనుకున్నాడు. ఆ వారమంతా ఆగ్నేయపు గాలి ఒకటే కొట్టింది. శనివారం సాయంత్రం ముగ్గురూ స్టీమరు దిగారు, ఇర్యా చేతిలో నారింజల సంచితో.

ఆదివారం శవం దొరికాక, అందరూ ఖాళీ బల్ల ముందు నిలబడ్డారు. "రాయకుండా పోయాడు," అన్నాడు కొట్టు యజమాని. తౌనో నోరు తెరిచాడు. హెల్మి అతనికేసే చూస్తోంది. తెరిచిన నోరు మూసుకున్నాడు. ఆ రోజు చెప్పలేనిది మర్నాడు ఇంకా కష్టమైంది. ఇక ఏళ్ళు గడిచిపోయాయి.

వంటింట్లో ఆ మాటలైన మర్నాడు తెల్లారి నాలుగున్నరకి ఇర్యా అన్నట్టే రాసింది. లొక్కి. డబ్బాల మొన. సాయంత్రం పోటు. అక్షరాలు జానెడేసి ఉన్నాయి.

పొద్దున వేట బాగానే సాగింది. ఎండ కాసింది. ఏడింటికల్లా ఇర్యా గాలానికి ముప్ఫై పౌన్ల చేప పడింది. అరగంట పెనుగులాడి పడవలోకి లాగి, దాని పక్కనే చతికిలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తౌనో ఆమె వైపు తిరిగాడు. ఇప్పుడు చెప్పేస్తే? చేప బాగుందన్నాడు.

మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. ముందు అవతలి ఒడ్డు పోయింది. తరవాత మొన పోయింది. పడవ ముక్కున నిలబడ్డ ఇర్యా కూడా మసగ్గా కనిపించసాగింది. ఆ మంచులో, ఆ రాళ్ళ మధ్య జలసంధి దాటడమంటే చావు కొని తెచ్చుకోవడమే. ఆగడానికి దగ్గర్లో ఉన్న చోటు ఒక్కటే.

"డబ్బాల రేవులోకి పోదాం మావయ్యా," అంది ఇర్యా.

తౌనో చుక్కాని తిప్పాడు.

గుంజకి పడవ కట్టేసరికి వెలుతురు తగ్గిపోతోంది. గాలి లేదు. పక్షి లేదు. గుంజల చుట్టూ నీళ్ళు పైకి లేస్తున్న చప్పుడు మాత్రం... గుటకలు వేసినట్టు. ఇద్దరూ రొట్టె తిన్నారు. చీకటి పూర్తిగా పడింది.

అప్పుడు వినపడింది.

టక్... టక్... టక్.

ఇర్యా నమలడం ఆపేసింది.

మళ్ళీ — టక్... టక్... టక్. నెత్తి మీద, అటకలోంచి.

"విన్నావా?" గుసగుసగా అడిగింది.

తౌనో వినడమేమిటి, అతని పై ప్రాణాలు పైనే పోయాయి. సులో అలాగే తట్టేవాడు. పొద్దున్నే వచ్చి లొక్కి అంచు మీద మూడుసార్లు తట్టి, లే బావా, అనేవాడు.

ఇర్యా టార్చి తీసింది.

"వద్దమ్మా," అన్నాడు.

"ఊరంతా చాటుగా మా నాన్నని దెయ్యమంటుంటే విని ఊరుకున్నాను మావయ్యా. ఇక్కడిదాకా వచ్చాను. చూడకుండా పోను."

నిచ్చెన మెట్లు నాచుపట్టి జారుతున్నాయి. ముందు ఇర్యా, వెనక తౌనో. పైకెక్కేసరికి పాత తారు వాసన, కుళ్ళిన నారతాళ్ళ వాసన ముక్కులకి కొట్టాయి. చప్పుడు ఇప్పుడు కాళ్ళ కిందే ఉంది. నేల అదురుతోంది. టక్... టక్... టక్.

ఇర్యా చెక్కల సందులోంచి కిందికి టార్చి వేసింది. కాసేపు అలాగే చూసింది. తరవాత పగలబడి నవ్వింది.

"ఇదా మావయ్యా మీ దెయ్యం?"

తౌనో వంగి చూశాడు. గుంజల మధ్య నిలువునా ఇరుక్కున్న దుంగ. పోటు లేస్తున్నప్పుడు మూడలలకి మూడుసార్లు నేలని కింది నుంచి గుద్దుతోంది, కాసేపు ఊరుకుంటోంది, మళ్ళీ గుద్దుతోంది. ఇన్నేళ్ళూ మా దీవిలో మొనగాళ్ళందరినీ తరిమింది ఆ దుంగ. తౌనో కూడా నవ్వాడు. పందొమ్మిదేళ్ళుగా గుండె మీదున్న బరువేదో ఒక్క నిమిషం దిగినట్టయింది.

నవ్వుతూ వెనక్కి తిరిగిన ఇర్యా చేతిలో టార్చి గోడ మీద పడింది.

నవ్వు ఆగిపోయింది.

గోడ వారగా పాత వలలు పరుపులా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య మనిషి పడుకున్నంత గుంట. పక్కన వానచుక్క పడేచోట ఒక డబ్బా. దానికి ఆనించి రెండు చెక్కలు, వాటికి చుట్టి ముడేసిన గుడ్డ పేలికలు. విరిగిన కాలికి కట్టుకునే కట్టు అది. ఆ పైన గోడ చెక్కలో, పడుకున్న మనిషి చెయ్యి అందే ఎత్తులో, కత్తితో గీసిన గీతలు.

ఇర్యా వేలితో తడుముతూ లెక్కపెట్టింది. తొమ్మిది ఉన్నాయి. పదోది సగంలో ఆగిపోయింది.

"రోజులా మావయ్యా?"

"పోట్లు," అన్నాడు తౌనో. "రోజుకి రెండు."

సోమవారం రాత్రి మునిగిపోలేదు. మంగళవారం ఉన్నాడు. బుధవారం ఉన్నాడు. శనివారం పొద్దుటి పోటు దాకా గీత గీశాడు. శనివారం సాయంత్రం, తాము నారింజల సంచితో స్టీమరు దిగుతున్న వేళకి, పదో గీత మొదలుపెట్టాడు... ఆ తరవాత ఇక ఆగలేక, కట్టు విప్పేసి, పడవ దగ్గరికి పాక్కుంటూ దిగి ఉంటాడు.

గీతల కింద అక్షరాలున్నాయి. ఇర్యా టార్చి దగ్గరగా పెట్టి, కూడబలుక్కుని చదివింది.

"పేరు బల్ల మీద ఉంది. బావకి తెలుసు. ఈ పోటుకి వస్తారు."

తౌనో గోడ పట్టుకున్నాడు.

"నాన్న పేరు రాశాడు మావయ్యా." ఇర్యా టార్చి అతని మీదికి తిప్పింది. "పేరు బల్ల మీదే ఉందంటున్నాడు. ఒడ్డుకి రానేలేదన్నమాట. మరి... తుడిచిందెవరు?"

సరిగ్గా అప్పుడే పోటు నిండి నీరు నిలిచింది. కింద దుంగ చప్పుడు ఆగిపోయింది. ఆ అటకలో ఇద్దరి ఊపిరి తప్ప ఇంకేమీ లేదు.

తౌనోకి మాత్రం మూడో ఊపిరి కూడా వినపడింది. వలల వైపు నుంచి, చాలా మెల్లగా, ఎదురుచూస్తున్న మనిషిది.

"నేనే," అన్నాడు. "నేనే తుడిచానమ్మా."

చెప్పడం మొదలుపెట్టాక మొత్తం చెప్పాడు. చొక్కా చెయ్యి, రెండు పేర్లు, సౌనా, మూసుకున్న నోరు. ఇర్యా ఆ గీతల మీద చెయ్యి ఉంచి వింది. అయ్యాక నిచ్చెన దిగి, పడవలో అతనికి వీలైనంత దూరంగా కూర్చుంది. దుప్పటి ఇస్తే తీసుకోలేదు. తెల్లవారుతుండగా ఒకే ఒక్క మాట అంది.

"అమ్మకి నువ్వే చెప్పాలి. నేను చెప్పను."

పొద్దున్నే మంచు విడింది. లొక్కి రేవు చేరేసరికి పడవలు వెతకడానికి సిద్ధమవుతున్నాయి. బల్ల కింద హెల్మి నిలబడి ఉంది. ఈసారి బల్లకి ఎదురుగా నిలబడింది. రాత్రంతా అక్కడే ఉన్నట్టుంది. కూతుర్ని చూసి ఎదురెళ్ళింది.

తౌనో మెట్లెక్కి వచ్చి తన పడవ పేరు తుడిచాడు. ఒక్కదాన్నే జాగ్రత్తగా. తరవాత చెల్లెలి వైపు తిరిగి, కొట్టు ముందు చేరినవాళ్ళందరికీ వినపడేలా చెప్పాడు. గోడ మీది గీతల సంగతి కూడా దాచలేదు.

హెల్మి బల్ల వైపోసారి చూసి, అతని వైపు తిరిగింది.

"పందొమ్మిదేళ్ళు నా వంటింట్లో కాఫీ తాగావు అన్నయ్యా," అంది హెల్మి.

ఏడుస్తుందనుకున్నారు. కొడుతుందని కూడా అనుకున్నారు. ఆమె సుద్దముక్క అందుకుంది. బల్ల మీద తన పేరే, అంటే సులో పడవ పేరే, రాసింది. హెల్మి. డబ్బాల రేవు. సాయంత్రం పోటు. సుద్ద వదిలేసి చేతులు దులుపుకుంది.

"దీన్ని ఎవరూ ముట్టుకోవద్దు," అంది. తౌనో వైపు చూసి, "ముఖ్యంగా నువ్వు," అంది. కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయింది.

ఇర్యా సెలవు అయిపోయి పట్నం వెళ్ళింది. హెల్మి గుమ్మం తౌనోకి మూసుకుపోయింది. రోజూ పొద్దున బల్ల దగ్గరికి వచ్చి, తన పడవ పేరు ఆ పేరుకి బాగా ఎడంగా రాసుకుని పోయేవాడు. సెప్టెంబరు గడిచింది. "సులో లాగా పోతావట్రా" అనేవాళ్ళు నోళ్ళు మూసుకున్నారు. ఆ పేరు మాత్రం బల్ల మీద అలాగే ఉంది.

అక్టోబరులో ఒక రాత్రి ఆగ్నేయపు గాలి లేచింది. పడవలన్నీ రేవులోనే ఉన్నాయి. తెల్లారి తౌనో వచ్చేసరికి కొట్టు చూరు కింద నలుగురు గుమిగూడి ఉన్నారు.

బల్ల మూలన కొట్టు యజమాని రాసిన ఐసు ధర చెక్కుచెదరలేదు. హెల్మి రాసిన ఆ పేరే లేదు. చొక్కా చేతితో ఒక్క తుడుపు తుడిచినట్టు పోయింది. తుడిచినచోట నల్లబల్ల ఇంకా తడిగా ఉంది. వాన అనుకోవడానికి చూరు కిందికి చినుకు రాదు. ఒకతను వేలు పెట్టి నాలుకకి రాసుకున్నాడు. ఉప్పగా ఉందన్నాడు.

"నేను కాదు," అన్నాడు తౌనో. ఎవరూ అతన్ని అడగలేదు.

హెల్మికి కబురెళ్ళింది. ఆమె వచ్చింది, చూసింది, వెళ్ళిపోయింది. గంట తరవాత ఆమె ఇంటి వెనక సౌనా గొట్టంలోంచి పొగ లేచింది. పక్కింటాయన వచ్చి, "మీ చెల్లెలు నిన్ను కాఫీకి రమ్మంటోంది," అని తౌనోతో చెప్పాడు.

ఆగస్టు తరవాత మొదటిసారి ఆ వంటింట్లో తౌనో తన పాత మూలలోనే కూర్చున్నాడు. హెల్మి కాఫీ పోసి రొట్టె కోసింది. కళ్ళు వాచి ఉన్నాయి గానీ మొహం తేటగా ఉంది. పెరట్లో సౌనా తలుపు మూసి ఉంది. గొట్టం నుంచి పొగ ఇంకా వస్తోంది.

"సౌనా ఎవరికి వేడి చేశావు?" అడిగాడు తౌనో, అడగలేక అడగలేక.

"పేరు తుడిచినవాళ్ళకి."

తౌనో కప్పు కింద పెట్టాడు. ఇంట్లో ఉన్నది వాళ్ళిద్దరే. హెల్మి వేలు పెదాల మీద పెట్టుకుని, ఊరుకోమన్నట్టు పెరటి వైపు తల వంచింది.

మూసిన తలుపు వెనక, వేడి రాళ్ళ మీద ఎవరో గరిటెడు నీళ్ళు పోశారు. సుయ్యిమంది.